సాధారణ దినాలలో పిలుపును నిలుపుకొనడం: బడి, పొలం, వంటిల్లు నడుమ బ్రతికే విశ్వాసికి సమగ్ర మార్గదర్శి

మన సంఘాలలో "ఆయనకు పిలుపు ఉన్నది" అని ఎవరైనా అన్నారంటే, ఆయన ఉద్యోగం మానుకొని బైబిలు కళాశాలకు వెళ్లబోతున్నాడని గానీ, ఊరూరా తిరిగి సువార్త చెప్పబోతున్నాడని గానీ అందరూ అనుకుంటారు. మిగిలిన వారమంతా ఆ పిలుపు లేనివారమని, ఆదివారం వచ్చి వాక్యం విని, కానుక వేసి, అయ్యగారికి భోజనం పెట్టి వెళ్లవలసిన వారమని మనకు మనమే ఒక లెక్క వేసుకున్నాం. ఈ లెక్క వలన సోమవారం నుండి శనివారం వరకు గల ఆరు దినాలు దేవునితో సంబంధం లేని దినాలుగా మిగిలిపోతున్నాయి. నేను ఈ మార్గదర్శిని వ్రాయడానికి కారణం ఆ ఆరు దినాలే.

నేను పాలమూరు ప్రాంతంలో ఒక ఉన్నత పాఠశాలలో లెక్కలు బోధిస్తాను. కొన్నేళ్ల క్రితం మా సంఘంలో నలభై దినాల ఉపవాస కూటాలు జరిగినప్పుడు, ప్రతి సాయంత్రం బడి గంట కొట్టగానే పరుగున మందిరానికి చేరేదాన్ని. ఆ దినాలలోనే ఎనిమిదవ తరగతి బాలుడొకడు బడికి రావడం మానివేశాడు. ప్రతి ఉదయం హాజరు పట్టీ తెరిచి పేర్లు పిలిచేటప్పుడు వాని పేరు దగ్గర జవాబు వచ్చేది కాదు. నేను గైర్హాజరు గుర్తు పెట్టి తరువాతి పేరుకు వెళ్లేదాన్ని. పన్నెండవ దినాన తోటి పిల్లవాడొకడు "టీచర్, వాళ్లమ్మానాయినలతోని ఇటుక బట్టీకి పోయిండు" అని చెప్పాడు. మొదటి రెండు దినాలలో నేను వాని ఇంటికి వెళ్లి ఉంటే ఆ తల్లిదండ్రులతో మాట్లాడి, పిల్లవాణ్ణి హాస్టల్లో ఉంచే ఏర్పాటు చేయించగలిగేదాన్నేమో. ఆ సాయంత్రం కూటంలో "ప్రభువా, నన్ను నీ పనికి వాడుకొనుము" అని అందరితో కలిసి ప్రార్థిస్తూ ఉండగా, ప్రభువు నాకు అప్పగించిన పని ప్రతి ఉదయం నా ముందున్న పట్టీలో పేర్ల వరుసగా ఉన్నదని, దానిని నేనే దాటవేస్తున్నానని నాకు తెలిసివచ్చింది. నేను ఇక్కడ చెప్పబోయే పద్ధతి ఆ దినం తరువాత కొద్దికొద్దిగా కుదురుకున్నది.

మొదటి మెట్టు: పిలుపు అనే మాటను సరిగా అర్థం చేసుకొనండి

పిలుపు రెండు విధాలుగా ఉన్నదని లేఖనం చదివేకొద్దీ స్పష్టమవుతుంది. మొదటిది విశ్వాసులందరికీ ఒక్కటే: చీకటిలో నుండి తన వెలుగులోనికి దేవుడు పిలిచాడని పేతురు తన మొదటి పత్రిక రెండవ అధ్యాయంలో వ్రాసిన పిలుపు అది. రెండవది మనిషి మనిషికీ వేరు: ఈ ఇంటిలో, ఈ ఊరిలో, ఈ పనిలో, ఈ మనుష్యుల నడుమ నన్ను ఉంచిన పిలుపు. మొదటిది లేకుండా రెండవది వట్టి ఉద్యోగ ధర్మమవుతుంది. రెండవది లేకుండా మొదటిది పాటలలోనే మిగిలిపోతుంది.

యేసు ప్రభువు బోధ మొదలుపెట్టేనాటికి ఆయన వయస్సు సుమారు 30 ఏళ్లని లూకా, ఆయన వడ్లవాడని మార్కు వ్రాశారు. ఆ ముప్పై ఏళ్లలో ఎక్కువ భాగం నజరేతు అనే చిన్న ఊరిలో, కలప చెక్కుతూ, తల్లిదండ్రులకు లోబడి గడిచింది. మోషే 80 ఏళ్ల వయస్సులో ఫరో ఎదుట నిలువబడే ముందు దీర్ఘకాలం మామ మందలను మేపాడు. పౌలు కొరింథులో అకుల, ప్రిస్కిల్లలతో కలిసి డేరాలు కుట్టాడు. వీరిలో ఎవరి విషయంలోనూ ఆ పనిదినాలను దేవుడు లేని దినాలుగా లేఖనం చెప్పలేదు.

ఒక హెచ్చరిక మన ప్రాంతపు విశ్వాసులకు తప్పనిసరిగా చెప్పాలి. "ప్రతివాడు ఏ స్థితిలో పిలువబడెనో ఆ స్థితిలోనే యుండవలెను" అని పౌలు 1 కొరింథీయులకు ఏడవ అధ్యాయంలో వ్రాసిన మాటను పట్టుకొని, పుట్టిన కులం చేసే పనిలోనే ఉండిపోవాలని, దొర చెప్పినట్టు పడి ఉండాలని ఎవరైనా బోధిస్తే అది వాక్యాన్ని వక్రీకరించడమే. నిజాం కాలపు తెలంగాణలో వెట్టిచాకిరి ఎలా ఉండేదో నల్లగొండ పల్లెలలో మన తాతలు చెప్పగా విన్నవారం మనం; ఆ చాకిరి చేసిన కుటుంబాల నుండి వచ్చినవారే నేడు మన సంఘాలలో అనేకులు. పౌలు ఆ మాట చెప్పిన మరు వచనంలోనే, స్వతంత్రుడవగుటకు శక్తి కలిగిన యెడల స్వతంత్రుడవగుట మరి మంచిదని దాసునికి చెప్పాడు. కాబట్టి మెరుగైన చదువు కొరకు, న్యాయమైన కూలి కొరకు ప్రయత్నించడం పిలుపును విడిచిపెట్టడం కాదు. ఉన్న చోట దేవుని ముందు నమ్మకంగా నిలబడడం వేరు, అన్యాయం కింద అణగి ఉండడం వేరు.

మన ప్రాంతపు సంఘ చరిత్ర చెప్పేటప్పుడు కూడా మనం తరచుగా ప్రసంగీకులనే తలుస్తాం. 1890 ప్రాంతంలో అబ్రహాము ఫ్రీసెన్ దంపతులు రష్యా నుండి వచ్చి నల్లగొండలో సేవ ప్రారంభించారని చెప్పుకుంటాం, అది తలచదగినదే. అయితే ఆ కాలం నుండి బడులలో అక్షరాలు దిద్దించిన పంతుళ్లు, ఇల్లిల్లూ తిరిగి స్త్రీలకు వాక్యం చదివి వినిపించిన బైబిలు స్త్రీలు, మిషను ఆసుపత్రులలో గాయాలకు కట్లు కట్టిన నర్సులు, కాంపౌండర్లు లేకపోతే ఆ సేవ ఒక తరం కూడా నిలిచేది కాదని నా నమ్మకం. వారి పేర్లు ఎక్కడా చెక్కి లేవు.

రెండవ మెట్టు: మీ పిలుపును ఒక్క వాక్యంలో, పేర్లతో వ్రాయండి

ఈ మెట్టుకు తక్కిన అన్నిటికంటే ఎక్కువ సమయం ఇవ్వండి. ఒక సాయంత్రం కూర్చొని, ఒక తెల్లకాగితం తీసుకొని, ఈ సంవత్సరం దేవుడు మిమ్మును ఎవరి కొరకు, ఏ పనిలో ఉంచాడో ఒకే వాక్యంలో వ్రాయండి. "దేవుని మహిమ కొరకు జీవించాలి" అని వ్రాయకండి. అది సత్యమే గాని, మంగళవారం మధ్యాహ్నం రెండు గంటలకు ఏమి చేయాలో అది మీకు చెప్పదు. నేను వ్రాసుకున్నది ఇలా ఉంటుంది: "ఎనిమిదవ, తొమ్మిదవ తరగతుల పిల్లలకు లెక్కల భయం పోగొట్టడం, వారిలో ఎవరూ బడి మానకుండా చూడడం, ఇంటిలో మంచం పట్టిన అత్తమ్మకు ఓపికతో సేవ చేయడం, ఆదివారపు బడిలో చిన్నవారికి వాక్యం నేర్పడం." దీని కింద ఏడుగురి పేర్లు వ్రాశాను. ఏడుకు మించితే ప్రార్థనలో పేర్లు చదవడమే మిగులుతుంది, వారిని తలచుకొనడం ఉండదు.

పేర్లు ఎందుకంటే, దేవుడు పిలిచే తీరే అది. "పేరుపెట్టి నిన్ను పిలిచియున్నాను" అని యెషయా 43వ అధ్యాయంలో ఇశ్రాయేలుతో అన్నాడు. మంచి కాపరి తన గొఱ్ఱెలను పేరు పెట్టి పిలుస్తాడని ప్రభువు చెప్పాడు. మనలను పేరుతో పిలిచినవాడు మనకు అప్పగించినవారిని కూడా పేర్లతోనే అప్పగిస్తాడు. "ఆత్మల భారం" అని మనం తరచు అంటాం. ఆ భారం ఒక్క పేరు మీద కూడా నిలువకపోతే అది మాటగానే ఉండిపోతుంది.

వాక్యం వ్రాయలేకపోతే మూడు ప్రశ్నలు వేసుకొనండి. ఉదయం నుండి రాత్రి వరకు నా చేతుల మీదుగా జరిగే పని ఏది? నేను ఒక వారం లేకపోతే ఎవరికి ఇబ్బంది కలుగుతుంది? నేను చూసి చూడనట్టు వదిలివేస్తున్నది ఎవరిని? మూడవ ప్రశ్నకు వచ్చే జవాబును తప్పక జాబితాలో చేర్చండి. వ్రాసిన దానిని మీ భర్తకో భార్యకో, లేదా సంఘంలో నమ్మదగిన పెద్దకో చూపించి, ఇది నిజమేనా అని అడగండి. మనకు కనబడనిది వారికి కనబడుతుంది.

మూడవ మెట్టు: ఫోను కంటే ముందు పావుగంట

ఉదయం లేవగానే ఫోను చూడకముందు పావుగంట వాక్యానికీ ప్రార్థనకూ ఇవ్వండి. గంటసేపు చేయాలని నిర్ణయించుకొని మూడవ దినానికే మానివేయడం కంటే పావుగంట ఏడాది పొడవునా నిలుపుకొనడం మేలు. ఒక చిన్న భాగం చదివి, ఆ కాగితంలోని వాక్యం ఒకసారి చదివి, పేర్లలో ఒకటి రెండింటి కొరకు ప్రార్థించి, ఆ దినం వారికి చేయగల ఒక్క మేలును అనుకొనండి. సంఘం వారి వాట్సాప్ సందేశాలు కూడా ఆ తరువాతనే చూడండి. దేవుని మాటలే అయినా అవి ఇతరులు మన కొరకు ఏరి పంపినవి. మన కాగితంలోని పేర్లు వాటిలో ఉండవు.

నాల్గవ మెట్టు: రోజూ జరిగే పనికే ప్రార్థనను ముడివేయండి

పగటివేళ ప్రార్థనకు ప్రత్యేక సమయం దొరకదని స్త్రీలు నాతో చెప్పినప్పుడు నేను వారిని నిందించలేను, నాకూ దొరకదు. అయితే సమయం వెదకకుండా, ఎలాగూ జరిగే పనినే గుర్తుగా పెట్టుకొనవచ్చు. మా వీధిలో నల్లా వచ్చేది తెల్లవారుజామున. బిందె కింద పెట్టగానే నీరు అడుగున పడి గట్టిగా మోగుతుంది. నిండేకొద్దీ ఆ మోత సన్నబడి, మెడ దగ్గరికి వచ్చేసరికి గుడగుడమని అణిగిపోతుంది. ఆ మోత మారేలోగా ఒక పేరు కొరకు ప్రార్థించడం నేను అలవాటు చేసుకున్నాను. మూడు బిందెలకు మూడు పేర్లు. ఎన్నో ఏళ్లు ఫ్లోరైడు నీటితో ఎముకలు వంగిన పెద్దలు ఉన్న నల్లగొండ పల్లెలలో, మంచినీరు పట్టుకుంటూ దేవునికి కృతజ్ఞత చెప్పడానికి వేరే కారణం కూడా ఉన్నది.

మీ గుర్తు మరొకటి కావచ్చు: బత్తాయి తోటకు మోటరు వేయడం, ఆర్టీసీ బస్సు ఎక్కి కూర్చొనడం, దుకాణం షట్టరు ఎత్తడం, పిల్లలకు టిఫిను డబ్బా మూత పెట్టడం. నెహెమ్యా చేసినది ఇదే. రాజు "నీకేమి కావలెను" అని అడిగిన తరువాత, జవాబు చెప్పకముందు, ఆ రెంటి నడుమ ఆయన పరలోకమందలి దేవునికి ప్రార్థించాడు. అది ఎంతసేపు పట్టి ఉంటుంది? ఒక్క ఊపిరి.

గుర్తులు రెండు మూడు చాలు. అన్నిటికీ పెట్టుకుంటే వారం తిరగకముందే ఒక్కటీ మిగలదు.

ఐదవ మెట్టు: పనిని నిజాయితీగా, బాగా చేయండి

మన బోధలో ఎక్కువ లోపం కనబడేది ఇక్కడే. కార్యాలయంలో బల్ల మీద వాక్యపు కార్డు పెట్టుకొనడం, భోజన సమయంలో ప్రార్థించడం, తోటివారికి కరపత్రం ఇవ్వడం మాత్రమే సాక్ష్యమని అనుకుంటాం. పని విషయంలో ఆలస్యమైనా, లెక్కలో తేడా వచ్చినా అది వేరే సంగతి అనుకుంటాం. "మీరేమి చేసినను" అది ప్రభువు నిమిత్తమని మనస్ఫూర్తిగా చేయమని కొలొస్సయులకు వ్రాసిన పత్రిక చెబుతున్నది. ఆ మాట మొదట చెప్పబడినది ఇళ్లలో చాకిరి చేసే దాసులకు.

మా సంఘానికి చెందిన ఒక సోదరి మహిళా సంఘం తరఫున వడ్ల కొనుగోలు కేంద్రంలో పుస్తకం వ్రాస్తుంది. యాసంగి కోతలయ్యాక ఏప్రిల్, మే నెలల ఎండలో ఆమె పని ఎలా ఉంటుందో నేను ఒకసారి దగ్గర కూర్చొని చూశాను. వడ్ల కుప్పలు కిలోమీటరు పొడవునా రోడ్డు పక్కన పరచి ఉంటాయి. తేమ 17 శాతానికి దిగితే గాని కాంటా పెట్టరు. రైతులు వారం దినాలుగా కుప్పల దగ్గరే పడుకొని, మబ్బు పట్టినప్పుడల్లా లేచి టార్పాలిన్లు కప్పుతూ ఉంటారు. ఒక ముసలి రైతు వచ్చి, "అక్కా, మావి మొన్ననే ఎండినయ్, మా వెనకొచ్చినోళ్లయి కాంటా అయినయ్, మాదెప్పుడు?" అని అడిగాడు. ఆమె పుస్తకం తెరిచి, సీరియల్ నంబరు వేలితో చూపించి, అంతకు ముందు ఎవరిది ఎందుకు ముందుకు పోయిందో కనుక్కొని, ఆ పొరపాటును అందరి ముందు సరిచేయించింది. తేమ యంత్రంలో వచ్చిన అంకెను రైతుకు చూపించి వ్రాసింది. బస్తాకు తరుగు కింద అదనంగా వడ్లు వేయమని ఒత్తిడి వచ్చినప్పుడు, "వ్రాతలో ఉన్నంతే తూకం" అని చెప్పి ఊరుకున్నది. ఆ పూట ఆమె యేసు పేరు ఎత్తలేదు. "దొంగత్రాసు యెహోవాకు హేయము, సరియైన గుండు ఆయనకిష్టము" అని సామెతల గ్రంథంలో ఉన్న మాట ఆ కాంటా దగ్గర నాకు కనబడింది. ఆమె పిలుపు ఏమిటని నన్ను అడిగితే, ఆ పుస్తకాన్నే చూపిస్తాను.

కాబట్టి ఈ మెట్టులో చేయవలసినది ఇది: మీ పనిలో ఎవరూ తనిఖీ చేయని చోటు ఏదో గుర్తించండి. కుట్టుపనిలో లోపలి కుట్టు, బడిలో దిద్దని నోటు పుస్తకాలు, ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ, మేస్త్రీ పనిలో సిమెంటు పాళ్లు. ఈ వారం ఆ ఒక్క చోటును సరిచేయండి. ఇంకొక మాట: ఉద్యోగంలో మీ కింద ఉన్నవారికి, మీ సంతకం కొరకు నిలుచున్నవారికి బోధ చేయకండి. వారు వినక తప్పని స్థితిలో ఉంటారు; అటువంటి వినికిడిని సువార్త కోరదు. వారు అడిగినప్పుడు, మీ అధికారం అడ్డు లేని చోట, మీ నిరీక్షణకు హేతువు సాత్వికంతో చెప్పండి.

ఆరవ మెట్టు: అడ్డుపడే వాటిని వేరుచేసి చూడండి

కొన్ని అడ్డంకులు నిజానికి పిలుపే. ప్రభువు యాయీరు ఇంటికి వెళ్తున్న దారిలో రక్తస్రావం గల స్త్రీ ఆయన వస్త్రపు చెంగు ముట్టింది, ఆయన ఆగాడు. పొరుగింటి పిల్లవాడు జ్వరంతో ఉన్నాడని తలుపు కొడితే మీ ధ్యానం ఆపవచ్చు. వేరుచేయడానికి నేను వాడే కొలత ఒక్కటే: వచ్చినది ఒక మనిషా, లేక ఒక ఆకర్షణా? మనిషి అయితే ఆగుతాను. రీళ్లు, బంధువుల తగాదాల సంభాషణ, సంఘ రాజకీయం అయితే ఆగను.

సంఘపు పనులు కూడా అడ్డంకి కావచ్చునని చెప్పడం కొందరికి కష్టంగా ఉంటుంది. కమిటీ, కూటాల ఏర్పాటు, సౌండు బాక్సులు, వంటలు, ఇవన్నీ అవసరమే. కాని ఇంటిలో పదవ తరగతి పిల్ల పరీక్షకు ఒంటరిగా చదువుకుంటూ ఉండగా తల్లి వారంలో ఐదు సాయంత్రాలు కూటాలలో ఉంటే, ఆమె పేర్ల జాబితాలో మొదటి పేరు ఎవరిదో మరొకసారి చూసుకోవాలి. "ఈసారి రాలేను" అని పెద్దలకు గౌరవంగా చెప్పడం నేర్చుకొనండి.

ఏడవ మెట్టు: ఊరు విడిచిన దినాలలో

పాలమూరు కూలీల సంగతి అందరికీ తెలిసినదే. మేస్త్రీ వద్ద అడ్వాన్సు తీసుకొని ముంబయి, పుణెల వైపు వెళ్లిన కుటుంబాలకు ఆదివారం సెలవు ఉండదు, సంఘం దగ్గరలో ఉండదు. వారికి పై మెట్లన్నీ చెప్పి లాభం లేదు. మూడే చేయమని నేను వెళ్లేవారికి చెబుతాను. వెళ్లే ముందు పేర్ల కాగితాన్ని బైబిలులో గాక పర్సులో పెట్టుకొనండి. పని చోట మరో విశ్వాసిని ఒక్కరిని వెదకి, రాత్రి అన్నం తిన్నాక ఐదు నిమిషాలు కలిసి ప్రార్థించండి. ఇద్దరు ముగ్గురు తన నామమున కూడిన చోట తాను ఉంటానని ప్రభువు చెప్పాడు. కళ్లు అలసి చదవలేని వేళ ఫోనులో తెలుగు బైబిలు ఆడియో వినండి. ఊరిలో ఉన్న మనం చేయవలసినది కూడా ఒకటి ఉన్నది: వారిలో ఒకరికి వారానికి ఒకసారి ఫోను చేసి, పేరు పెట్టి పిలిచి, ఎలా ఉన్నావని అడగడం.

ఎనిమిదవ మెట్టు: ఏమీ అనిపించని దినాలలో

ప్రార్థన నోటికి రాని దినాలు వస్తాయి. వాక్యం చదివితే అక్షరాలే కనబడతాయి. అప్పుడు పిలుపు పోయిందని అనుకొని కొత్త కూటాలు, కొత్త ప్రవచనాల వెంట పరుగెత్తకండి. ఆ దినాన పేర్ల కాగితం తీసి, ఒక్క పేరుకు సంబంధించిన ఒక్క పని చేయండి: ఒక పుస్తకం దిద్దడం, అత్తమ్మ కాళ్లకు నూనె రాయడం. ప్రార్థన రాకపోతే ఒక కీర్తనను పైకి చదవండి. ఆ మాటలు మనకంటే ముందు ఏడ్చినవారివి. నెలలు గడిచినా ఆ స్థితి తీరక, నిద్ర, ఆకలి కూడా దెబ్బతింటే కాపరితో పాటు వైద్యునితో కూడా మాట్లాడండి. అది అవిశ్వాసం కాదు.

తొమ్మిదవ మెట్టు: శనివారం రాత్రి, సంవత్సరాంతం

శనివారం రాత్రి ఆదివారపు బట్టలు తీసి పెట్టుకొనేటప్పుడు పది నిమిషాలు కాగితం ముందు కూర్చొనండి. ప్రతి పేరు మీద వేలు పెట్టి, ఈ వారం ఈ మనిషిని నేను చూశానా అని అడగండి. చూసిన చోట దేవునికి స్తోత్రం చెప్పండి. చూడని చోట క్షమాపణ అడిగి, సోమవారం చేయవలసినది చిన్న అక్షరాలతో పక్కన వ్రాయండి. మరునాడు మందిరంలో మీరు తెచ్చే అర్పణలో ఆ వారం కూడా కలిసి ఉంటుంది.

డిసెంబరు 31 రాత్రి ఆరాధనకు వెళ్లేటప్పుడు ఆ కాగితాన్ని వెంట తీసుకొని వెళ్లండి. అందరూ కొత్త వాగ్దాన వచనం తీసుకొని వచ్చిన తరువాత, ఇంటికి చేరి, కొత్త కాగితం మీద కొత్త వాక్యం వ్రాయండి. కొన్ని పేర్లు మారుతాయి. బడి ముగించి వెళ్లినవారు, పెళ్లయి వెళ్లినవారు, కన్నుమూసినవారు ఉంటారు. పాత కాగితాన్ని పారవేయకుండా బైబిలు వెనుక అట్టలో దాచండి. నా బైబిలు వెనుక ఇప్పుడు ఆరు కాగితాలు ఉన్నాయి. ఇటుక బట్టీకి వెళ్లిన ఆ బాలుని పేరు ఆరింటిలోనూ మొదటి వరుసలో ఉన్నది. వాడు ఎక్కడ ఉన్నాడో నాకు తెలియదు. తెల్లవారుజామున మొదటి బిందె వాని పేరిటనే నిండుతుంది.